ఆవిరి తగలకూడని బిళ్లలు

మా కోడలు వంటింట్లోంచి పిండి జల్లెడ తీసుకుపోయిన రోజునే ఆమె పరిశోధన మొదలైందని నా భార్య లెక్క. నిజానికి అప్పటికే ఐదేళ్లయింది. గద్వాలలో ఒక కాలేజీలో ఆమె పాఠాలు చెబుతుంది. క్లాసులు అయ్యాక అక్కడే ఒక చిన్న గదిలో తన పీహెచ్‌డీ పని చేసుకుంటుంది. మా ఇల్లు వనపర్తిలో. మా అబ్బాయి ఉద్యోగం నాగర్‌కర్నూల్‌లో. పొద్దున్నే ఇద్దరూ చెరో దిక్కు బస్సెక్కి పోతారు, చీకటి పడే వేళకు వస్తారు. నేను నలభై ఏళ్లకు దగ్గరగా దినపత్రికలో పనిచేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి కాబట్టి, ఆ జల్లెడ గొడవకు ప్రత్యక్ష సాక్షిని.

"ఉప్పు జల్లిస్తే కూడా డాక్టరేట్ ఇస్తరానే?" అంది నా భార్య.

"ఇస్తరత్తా. నీ జల్లెడ కూడా నీకిచ్చేస్త."

"ఉప్పుల ఊరిన జల్లెడ నాకెందుకు? అదీ నువ్వే ఉంచుకో."

కోడలు వరండాలో చాప పరుచుకుని రెండు జల్లెడలు ముందు పెట్టుకుంది. పెద్ద కన్నాల జల్లెడలోంచి కిందికి జారి, సన్న కన్నాల జల్లెడ మీద ఆగిన ఉప్పు గింజలు మాత్రమే ఆమెకు కావాలి. ఎందుకని అడిగాను. వార్త రాసే అలవాటు పోయినా ప్రశ్నలు అడిగే అలవాటు పోలేదు.

ఆమె చెప్పింది ఇది. ఎముకో, మృదులాస్థో, చర్మమో దెబ్బతిన్నచోట కొత్త కణాలు పెరగాలంటే వాటికి పట్టుకోవడానికి ఒక ఆధారం ఉండాలి. గోడ కట్టేటప్పుడు మేస్త్రీలు కర్రలతో పరంజా కట్టుకున్నట్టు. దాన్నే స్కాఫోల్డ్ అంటారు. మేస్త్రీలు గోడ లేచాక కర్రలు విప్పుకుంటారు. ఒంట్లో పెట్టినదాన్ని మళ్లీ కోసి తీయడం ఎందుకని, దానంతట అదే మెల్లగా కరిగిపోయే పాలిమర్‌తో చేస్తారు. ఆ పాలిమర్‌ను ద్రవంలో కరిగించి ఉప్పు గింజల మీద పోస్తుంది. ద్రవం ఆరిపోయాక ఆ బిళ్లను నీళ్లలో వేస్తే ఉప్పు కరిగి పోతుంది. ఉప్పు ఉన్నచోట కన్నాలు మిగులుతాయి. ఆ కన్నాల్లోకి కణాలు వెళ్లి కాపురం పెట్టాలి.

ఇదివరకు చేసిన బిళ్ల ఒకటి నా చేతిలో పెట్టింది. రూపాయి నాణెమంత ఉంది, తెల్లగా, బొరుగు గింజంత తేలిగ్గా.

"గింత మంచిగున్నది కదా, ఇంక కష్టమేంది?" అన్నాను.

"చేసుడు కష్టం కాదు మామా. శుద్ధి చేసుడు కష్టం."

కణాలను ఆ బిళ్లలో వేసే ముందు, దానిలో కంటికి కనిపించని క్రిమి ఒక్కటి కూడా ఉండకూడదు. ఒక్కటున్నా అది కణాల కంటే ముందు పెరిగి అన్నిటినీ తినేస్తుంది. దవాఖానలో కత్తులు, కత్తెరల్లాగా ఆవిరి పెడదామంటే ఈ పాలిమర్ వేడికి ఆగదు. స్పిరిట్‌లో ముంచితే మామూలు క్రిములు చస్తాయి కానీ, విత్తనాల్లాగా ముడుచుకుని ఉండేవి చావవు. రేడియేషన్ పెడితే పాలిమర్ లోపల్నుంచి బలం పోతుంది. ఆమె అప్పటికి రెండుసార్లు స్పిరిట్ పద్ధతిలో బిళ్లలు తయారుచేసి హైదరాబాద్‌లో కణాలు పెంచే ల్యాబ్‌కు పట్టుకుపోయింది. రెండుసార్లూ మూడో రోజుకే కణాలున్న ద్రవమంతా మబ్బు పట్టి పాడైంది. మూడోసారి కూడా అదే జరిగితే అంశం మార్చుకోవాల్సిందేనని ఆమె గైడ్ తేల్చి చెప్పాడు. అంటే ఐదేళ్ల పని పక్కన పెట్టి మళ్లీ మొదటికి రావడం. డాక్టరేట్ లేకుండా కాలేజీ ఆమెను అంతకాలం ఉంచుకోదు. దూరం నుంచి తెప్పించిన పాలిమర్ సీసాలో అడుగుకు వచ్చింది. ల్యాబ్ వాళ్లు ఒక వారం కేటాయించారు. ఆమె ఇవన్నీ మాకు ఒకేసారి చెప్పలేదు. ఉప్పు జల్లిస్తూ, కూరగాయలు తరుగుతూ, బస్సు కోసం చెప్పులేసుకుంటూ ముక్కలు ముక్కలుగా చెప్పింది.

ఇక మిగిలిన దారి గ్యాస్. ఇథిలిన్ ఆక్సైడ్ అనే గ్యాస్‌ను మూసిన పెట్టెలోకి వదిలితే, పెద్ద వేడి లేకుండానే అది అన్నిటినీ చంపుతుంది. ఆ మిషన్ మా ఊళ్లో ఒక చిన్న కంటి దవాఖానలో ఉంది. అక్కడి డాక్టర్‌తో నాకు పాత పరిచయం. అడిగితే సరే అన్నాడు. "కానీ ఆ మిషన్ గదికి యజమాని నేను కాదండి, భాయ్ ఉన్నాడు. ఆయన ఒప్పుకుంటే చాలు" అన్నాడు నవ్వుతూ.

ఆ భాయ్ నాకూ తెలుసు. సొంతూరు ఉప్పునుంతల దగ్గర. కుర్రతనంలో నాగర్‌కర్నూల్‌లో ఒక దవాఖానలో గదులు ఊడ్చే పనిలో చేరి, ఆపరేషన్ సామాను కడగడం, మూట కట్టడం, ఆవిరి పెట్టడం నేర్చుకుని, చివరికి ఈ కంటి దవాఖానకు చేరాడు. అరవై దాటినా వదలలేదు. సామానుకు ఆవిరి పట్టే ఆ ఆటోక్లేవ్ గదిలో ఆయన మాటే శాసనం. బయటి నుంచి ఏ సామాను వచ్చినా, ఎంత పెద్ద డాక్టర్ తెచ్చినా, సీలు వేసి ఉన్నా సరే, తన చేతిమీదుగా ఒకసారి ఆవిరి పట్టనిదే లోపలికి పోనివ్వడు. ఒకసారి హైదరాబాద్ నుంచి వచ్చిన సర్జన్ తన ఖరీదైన భూతద్దాన్ని బల్ల మీద పెట్టి టీకి వెళ్తే, వచ్చేసరికి అది ఆవిరిలో ఉడుకుతోందట. ఈ కథ నాకు తర్వాత తెలిసింది. ముందే తెలిసుంటే బాగుండేది.

ఆ పొద్దున కోడలికి పరీక్షల డ్యూటీ. ఒకవైపు కాగితం, ఒకవైపు ప్లాస్టిక్ ఉన్న చిన్న సంచుల్లో బిళ్లలు పెట్టి, అతికించి, టిఫిన్ డబ్బాలో సర్ది నాకిచ్చింది.

"భాయ్ చేతికే ఇయ్యి మామా. గ్యాస్ మాత్రమే, అది కూడా తక్కువ వేడి మీద. ఆవిరి అస్సలు వద్దని చెప్పు."

"చెప్త."

చెప్పానా అంటే, గ్యాస్ అని చెప్పాను. కానీ అంతటితో ఆగలేదు. డబ్బా మూత తీసి చూపిస్తూ, ఆయన శ్రద్ధగా చూడాలని, గొంతు కొంచెం తగ్గించి, "భాయ్, జర జాగ్రత్త. ఇవి రేపు మనిషి ఒంట్లోకి పోయేవి" అన్నాను.

అది అబద్ధం. అవి ఒంట్లోకి పోయే రోజు ఉంటే గింటే ఎన్నో ఏళ్ల తర్వాత. రేపు అవి పోయేది ఒక గాజు పాత్రలోకి. కానీ నా చేయి అట్లా అలవాటు పడింది. రాళ్లవాన పడితే గోలీకాయంత అని విలేకరి రాస్తే డెస్క్‌లో ఎవరూ పట్టించుకోరు, నిమ్మకాయంత అంటేనే జిల్లా పేజీలో చోటు దొరుకుతుంది. పాన్‌గల్ మండలంలో ఒకసారి నేను రాసిన నిమ్మకాయలను చూడటానికి వచ్చిన అధికారి, పొలంలో నిలబడి "ఏవండీ ఆ కాయలు?" అని నన్నే అడిగాడు. అయినా బుద్ధి రాలేదు. బిళ్లల గురించి చెప్పేటప్పుడు కూడా నా నోట్లోంచి నిమ్మకాయే వచ్చింది.

భాయ్ డబ్బాలోకి చూశాడు. ముఖం మారింది. "మనిషి ఒంట్లకా?" అని డబ్బాను రెండు చేతులతో అందుకున్నాడు. "ఫికర్ చేయకు సాబ్. పక్కా చేస్త."

రెండు రోజుల తర్వాత డబ్బా తెచ్చుకున్నాను. శుద్ధి అయిందని తెలిపే గుర్తు చారలన్నీ సంచుల మీద రంగు మారాయి. ఆయన గర్వంగా చూపించాడు. సాయంత్రం కోడలు వచ్చి, చేతులు కడుక్కుని, బల్ల మీద డబ్బా తెరిచింది. ఒక సంచిని వెలుగుకు ఎత్తి చూసింది. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తలేదు.

లోపల బిళ్లలు లేవు. ముడుచుకుపోయి, గట్టిపడి, పసుపుపచ్చ బంక గడ్డల్లాంటివి ఉన్నాయి. కన్నాలన్నీ పూడిపోయాయి.

"మామా, వీటికి ఆవిరి పెట్టిండ్రా?"

నా భార్య వంటింటి గుమ్మంలోకి వచ్చి, మా ఇద్దరి ముఖాలు చూసి లోపలికి వెళ్లింది. కోడలు ఆ గడ్డలను ఒక్కొక్కటే మళ్లీ డబ్బాలో సర్దింది. పాడైనవాటిని అంత పద్ధతిగా ఎందుకు సర్దుతున్నావని అడగలేకపోయాను.

పొద్దున్నే దవాఖానకు వెళ్లాను. కోపంగానే వెళ్లాను.

"గ్యాస్ అని చెప్పిన కద భాయ్!"

"గ్యాస్ పెట్టిన కద సాబ్!"

"మరి ఆవిరి ఎందుకు పెట్టినవ్?"

"గ్యాస్‌కు ముందు పెట్టిన. మామూలు సామానైతే గ్యాస్ ఒక్కటే చాలు. నువ్వే చెప్తివి, మనిషి ఒంట్లకు పోయేటివని. ఒంట్లకు పోయేదాన్ని ఒక్క గ్యాస్ మీద వదులుతనా? ముందు ఆవిరి, తర్వాత గ్యాస్. రెండు తాళాలేసిన."

కోపం ఎక్కడికో పోయింది. గది మూలనున్న స్టూలు మీద కూర్చుని నిజం చెప్పాను: అవి గాజు పాత్రలోకి పోయేవని, ఒంట్లోకని నేను కలిపి చెప్పానని, ఆవిరి వద్దన్న మాట మింగేశానని.

"మీ పేపరోళ్లు..." అని భాయ్ ఆగి, "ఏం పాడైనయి?" అన్నాడు.

"అన్నీ."

ఆ సాయంత్రం ఆయన మా ఇంటికి వచ్చాడు. కోడలు అప్పుడే గద్వాల నుంచి దిగింది. ఆయన కూర్చోలేదు. "బేటీ, గలతీ అయింది" అని నిలబడే అన్నాడు. మా కోడలు "కూర్చో చాచా" అని కుర్చీ జరిపింది. తర్వాత ఒక గ్లాసులో వేడినీళ్లు తెచ్చి, పక్కన పెట్టుకున్న నమూనా బిళ్ల ఒకటి అందులో వేసింది. మేం చూస్తుండగానే ఆ బిళ్ల అంచులు ముడుచుకున్నాయి. ఆయన గ్లాసు దగ్గరికి వంగి చూశాడు.

"చాయ్ నీళ్లకే గిట్లయితదా?"

"అయితది చాచా. మన ఒంటి వేడికంటే జర ఎక్కువైతే చాలు, మెత్తబడుతది."

"అయితే నా మిషన్‌ల మామూలుగా పెట్టే గ్యాస్ వేడి కూడా దీనికి ఎక్కువే. తక్కువ వేడి మీద ఇంకొకటి ఉన్నది. టైం ఎక్కువ తీసుకుంటది." ఆయన కుర్చీలో కూర్చున్నాడు. "గీ కన్నాలు ఎట్ల చేస్తవు?"

ఉప్పు సంగతి చెప్పింది. ఆయన చేయి పైకెత్తాడు.

"ఆగు. ఉప్పు ఎన్ని రోజులు కడుగుతవు?"

"రెండు రోజులు."

"మొత్తం పోయిందని ఎట్ల తెల్సు?"

కోడలు బరువు తూచి చూసేదాన్నని మెల్లగా అంది.

ఆయన తల అడ్డంగా ఊపాడు. కంటి ఆపరేషన్‌లో సన్న గొట్టాల గుండా ఉప్పునీళ్లు పారిస్తారు. ఆ గొట్టాలను సరిగ్గా కడగకుండా ఆరబెడితే లోపల ఉప్పు గడ్డకడుతుంది. ఆ గడ్డలో చిక్కుకున్న క్రిమికి గ్యాస్ తగలదు. గోడ వెనక దాక్కున్నట్టే. ఈ సంగతి ఆయన చదివి తెలుసుకున్నది కాదు, ఒక్కో గొట్టం కడిగి తెలుసుకున్నది. "ఉప్పు మిగిలితే గ్యాస్ పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే బేటీ. కడుగుడు అయినంకనే శుద్ధి. కడగంది ఎన్నిసార్లు శుద్ధి చేసినా మురికే, శుద్ధి చేసిన మురికి."

కోడలు నోటుపుస్తకం తెచ్చుకుంది. ఆమె అంత త్వరగా రాసుకోవడం నేను చూడలేదు. స్పిరిట్ పెట్టిన రెండుసార్లూ ఎందుకు మబ్బు పట్టిందో ఆమెకు అప్పుడు కొంత అర్థమైందనుకుంటాను. ఆయన వెళ్లాక, ఈసారి బిళ్లలను నేనే హైదరాబాద్ తీసుకుపోయి అక్కడెక్కడైనా గ్యాస్ పెట్టిస్తానన్నాను. తప్పు చేసినవాడు అట్లాగే దూరప్రయాణాలకు సిద్ధపడతాడు.

"వద్దు మామా. చాచాకే ఇస్త."

"మొన్న ఆయనే కదా..."

"ఐదేండ్లల్ల నన్నెవరూ ఉప్పు పోయిందా అని అడగలే."

సీసాలో మిగిలిన పాలిమర్‌తో, ఇంతకుముందు వాటికంటే పలుచగా, మళ్లీ బిళ్లలు పోసింది. మా వంటింటి గట్టు మీద ఆరు పెద్ద గాజు సీసాలు చేరాయి. డిస్టిల్డ్ వాటర్ డబ్బాలు గోడవారగా వరుస కట్టాయి. పొద్దున ఆమె నీళ్లు మార్చి పోతే, మధ్యాహ్నం, సాయంత్రం మార్చే పని నాది. చేతులకు తొడుగులు, ముక్కుకు గుడ్డ. నీళ్లు వంచేటప్పుడు బిళ్లలు జారిపోకుండా పట్టుకోవడానికి ఒక పళ్లెం. నా భార్య మొదటి రోజు దూరంగా నిలబడింది. రెండో రోజు వచ్చి, వంచేసిన నీళ్లలో వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది.

"ఇంకా ఉప్పగనే ఉన్నయి."

"అత్తా! అవి తాగేటివి కావు!"

"తాగలేదు, రుచి చూసిన. నలభై ఏండ్ల సంది ఉప్పు చూస్తున్న, నీ తక్కెడకు తెల్వంది నాకు తెలుస్తది."

కోడలు నవ్వింది. ఆ గడ్డలు చూసిన తర్వాత నవ్వడం అదే మొదటిసారి. కానీ నాలుకను నమ్ముకుని పరిశోధన రాయలేం కదా. కాలేజీ నుంచి చిన్న సీసాలో సిల్వర్ నైట్రేట్ తెచ్చింది. కడిగిన నీళ్లలో ఉప్పు ఏమాత్రం ఉన్నా దీని చుక్క పడగానే తెల్లగా పాలు విరిగినట్టవుతుంది. రెండో రోజు విరిగింది. మూడో రోజు విరిగింది, సన్నగా. నాలుగో రోజు పొద్దున ఒక పొగలాగా కనిపించి మాయమైంది. నాలుగో రోజు సాయంత్రం చుక్క వేస్తే ఏమీ కాలేదు. మేం ముగ్గురం ఆ ఏమీ కాని నీళ్లను చాలాసేపు చూశాం. "పోయింది" అంది నా భార్య. అయినా తనే ఇంకొక రోజు కడగమంది, కడిగాం.

ఈసారి డబ్బా మోసింది కోడలే. నేను వెంట వెళ్లాను, నోరు తెరవనని మాటిచ్చి. భాయ్ మిషన్ తలుపు తెరిచి, సంచులను పడుకోబెట్టకుండా బుట్టలో ఒకదాని పక్కన ఒకటి నిలువుగా, మధ్యలో వేలు పట్టేంత సందు వదిలి పేర్చాడు. కాగితం వైపు అన్నీ ఒకే దిక్కుకు.

"పండబెడితే కింది దానికి గాలి అందదు. నిలబెడితే అందరికీ సమానం" అన్నాడు. వేడి ఎంత పెట్టాడో ఆమెను పిలిచి చూపించాడు. ఎన్ని గంటలు పెట్టాడో చూపించాడు. తలుపు మూసి, బయట ఫ్యాను తిరుగుతోందో లేదో చూసి, మమ్మల్ని బయటికి నడవమన్నాడు. ఆ గ్యాస్ క్రిములకు ఎంత విషమో మనుషులకూ అంతే.

గొడవ అక్కడే వచ్చింది. గ్యాస్ పని శనివారానికే అయిపోయింది. సోమవారం పొద్దున కోడలు హైదరాబాద్‌లో ఉండాలి. ఆదివారం సాయంత్రం బస్సు. భాయ్ మాత్రం సంచులను గాలి ఆడే అలమరలో పెట్టి తాళం వేశాడు.

"మంగళవారం సాయంత్రం ఇస్త."

"చాచా, సోమవారమే నా వారం మొదలైతది. ఆలస్యమైతే సగం పని పోతది."

"పోనీ."

"మిషన్ కాగితం మీద రాసినంతసేపు గాలి పెడితే చాలు కద?"

"కాగితం రాసినోడు కత్తెరను చూసి రాసిండు. కత్తెర గ్యాస్‌ను తాగదు. ఇది స్పంజీ. తాగిన గ్యాస్‌ను కక్కనీకి టైం పడుతది. లోపల గ్యాస్ మిగిలిందనుకో, నువ్వు వేసే కణాలు క్రిములతోని కాదు, మన గ్యాస్‌తోనే సస్తయి. అప్పుడేమంటవు? చాచా మల్ల పాడు చేసిండంటవు."

"వాసన వస్తలేదు కద?"

"వాసన రాకపోతే గ్యాస్ లేదనుకునేటోడు ఈ గదిల పనికి రాడు."

ఆమె బయటికి వచ్చి దవాఖాన మెట్ల మీద కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను. నాకు తోచిన సలహాలు రెండు ఉన్నాయి: ఒకటి డాక్టర్‌తో చెప్పించి తాళం తీయించడం, రెండోది ఆయన మాట వినడం. రెండూ చెప్పలేదు. మాటిచ్చాను కదా. ఎండలో ఒక తల్లి, కంటికి పచ్చ గుడ్డ కట్టిన కూతురిని పట్టుకుని మెట్లు దిగింది. కోడలు వాళ్లకు దారి ఇవ్వడానికి లేచింది. మళ్లీ కూర్చోలేదు. ఫోన్ తీసి హైదరాబాద్ ల్యాబ్‌కు చేసింది. బుధవారం వస్తానంది. అవతలివాళ్లు ఏదో అన్నారు. "తెలుసు సార్. సగం పరీక్షలే చేసుకుంటా. ఆ సగమైనా సరిగ్గా రావాలి" అంది.

లోపలికి వెళ్లి, "మంగళవారం ఎన్ని గంటలకు చాచా?" అని అడిగింది.

"సాయంత్రం అసర్ నమాజ్ అయినంక రా" అన్నాడు ఆయన, తలెత్తకుండా గుడ్డలు మడతపెడుతూ.

బుధవారం పొద్దున ఆమె వెళ్లింది. వెళ్లే ముందు, మంగళవారం రాత్రే గద్వాల కాలేజీకి పోయి, అదే గుంపులోని ఐదు బిళ్లలను ఐదు గాజు గొట్టాల్లో, క్రిములకు ఇష్టమైన పోషక ద్రవంలో వేసి వెచ్చటి పెట్టెలో పెట్టింది. బిళ్లలో క్రిమి ఏదైనా బతికి ఉంటే ద్రవం మబ్బు పడుతుంది. పూర్తి లెక్కకు రెండు వారాలు పట్టినా, ముందు రెండు గుంపులూ మూడో రోజుకే మబ్బుపట్టినవి. శనివారం మధ్యాహ్నానికి కణాల ఫొటో కూడా పంపుతానంది. ఆ శనివారం నేనూ భాయ్ గద్వాల బస్సెక్కాం.

పెబ్బేరులో సంత. రోడ్డు మీద ఎడ్లు, లారీలు, మనుషులు. బస్సు అర్ధగంట కదల్లేదు. మా ముందు సీట్లో పలుపుతాళ్లు కొనుక్కొని ఎక్కిన ఒక రైతు, భాయ్ ముఖంలో తొందర చూసి, "ఏందన్నా, పెండ్లికి పోతున్నవా?" అన్నాడు.

"పరీక్ష ఫలితానికి."

"ఎవలు రాసిండ్రు? మనుమడా?"

"నేనే రాసిన" అన్నాడు భాయ్. రైతు నన్ను చూశాడు. నిజమేనన్నట్టు తలూపాను.

కాలేజీలో ల్యాబ్ అటెండర్ మా కోసం తాళం తీశాడు. పెట్టె తెరిచి గొట్టాలున్న స్టాండును బల్ల మీద పెట్టాడు. ఒక చివర ఆరో గొట్టం ఉంది. పోలిక కోసమని కోడలు కడగని బిళ్ల ఒకటి కావాలని అందులో వేసి పెట్టింది. అది గంజిలా తెల్లబారి ఉంది. మిగతా ఐదూ పాలు కలపని టీ నీళ్లలా ఉన్నాయి. భాయ్ అద్దాలు తుడుచుకుని ఒక్కో గొట్టం వెనక తన చూపుడువేలు పెట్టి చూశాడు. ఐదింటి గుండా ఐదుసార్లూ వేలి గోరు స్పష్టంగా కనిపించింది. మళ్లీ మొదటి గొట్టం నుంచి మొదలుపెట్టి ఇంకోసారి చూశాడు.

ఫోన్ మోగలేదు. మేం అటెండర్ తెచ్చిన టీ తాగాం. భాయ్ రెండుసార్లు నా జేబువైపు చూశాడు. మూడోసారి చూసేసరికి మోగింది. వీడియోలో కోడలు. వెనక తెల్ల గోడ, తలకు నీలి టోపీ. ఆమె మాట్లాడకముందే నాకు తెలిసింది, ఎందుకంటే టోపీ వంకరగా ఉన్నా సర్దుకోవడం మరిచిపోయింది.

"మామా, ఫొటో చూసిండ్రా? ఇప్పుడే పెట్టిన. చాచాకు చూపించు."

ఫొటో తెరిచాను. నల్లటి చీకటిలో ఆకుపచ్చ చుక్కలు. కొన్నిచోట్ల చుక్కలు సాగి, ఒకదాన్నొకటి అందుకుని, కన్నం అంచు వెంబడి తీగల్లా పాకాయి. ఒక రకం రంగు వేస్తే బతికిన కణాలు ఆకుపచ్చగా, చచ్చినవి ఎర్రగా మెరుస్తాయని ఆమె చెప్పింది. అవి బిళ్లను పట్టుకున్నాయి. లోపలికి కూడా పోతున్నాయి. గైడ్ స్వయంగా వచ్చి చూసి, అంశం మార్చే మాట ఇంక ఎత్తవద్దని, తక్కిన సగం పరీక్షలకు మరో వారం తనే అడుగుతానని అన్నాడట.

భాయ్ ఫోన్‌ను నా చేతిలోంచి తీసుకుని కిటికీ వెలుగుకు దూరంగా జరిగాడు. ఫొటోను రెండు వేళ్లతో పెద్దది చేశాడు.

"బేటీ."

"చెప్పు చాచా."

"గీ మూలకు ఎర్రగున్నయి. నాలుగైదున్నయి."

"అవి చచ్చినవి చాచా."

"ఎందుకు సచ్చినయి?"

"కొన్ని సచ్చుడు మామూలే. ఎంత మంచి బిళ్లలోనైనా కొన్ని సస్తయి. ఇది చాలా మంచిగ వచ్చినట్టు. ఇక్కడ అందరూ సంతోషపడుతున్నరు."

ఆయనకు ఆ జవాబు నచ్చలేదు. ఫొటోను ఇంకా పెద్దది చేసి, ఆ ఎర్ర చుక్కలను ఒకటొకటిగా, వేలు తగలకుండా లెక్కపెట్టాడు.

"వచ్చేసారి," అన్నాడు, "ఇంకొక్క రోజు గాలి పెడదాం."

అవతల కోడలు నవ్వడం ఆపుకోలేకపోయింది. "పెడదాం చాచా" అంది. "నువ్వు చెప్పిన రోజే బస్సెక్కుత."